ప్రార్థన నూనె, నాలుగు టైర్లు

వానలో కూడా పాట పాడుకుంటూ కారు నడిపే మీ అమ్మ, ఒకప్పుడు నెల మీద పది రోజులు ఆ కారు తాళంచెవిని ముట్టుకోలేదంటే నువ్వు నమ్మవు. నమ్మకపోయినా రాయి. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యలో దిద్దకు. దిద్దేది ఏదన్నా ఉంటే చివర్లో చూద్దాం.

అప్పటికి మేము చందానగర్‌లో, బొంబాయి రోడ్డుకి రెండు సందులు లోపల, చిన్న ఇంట్లో అద్దెకి ఉండేవాళ్లం. మీ తాతయ్యకి బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పని. నేను సర్కారు దవాఖానలో నర్సుని. గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటినా మా ఇద్దరి మాటా మారలేదు గానీ, ‘ఆసుపత్రి’ మాత్రం నా నోట్లోంచి పోయి ‘దవాఖాన’ వచ్చి కూర్చుంది. రోజూ రోగులు అదే అంటుంటే మనకీ అదే వస్తుంది. నేను పనిచేసేది యాక్సిడెంట్ వార్డులో. ఈ ముక్క మర్చిపోకు.

మీ అమ్మకి మాదాపూర్‌లో కొత్తగా కట్టిన గుండ్రటి అద్దాల భవనంలో ఉద్యోగం వచ్చింది. అప్పట్లో ఆ చుట్టుపక్కల మెరిసేది అదొక్కటే. మిగతాదంతా బండరాళ్లు, సీతాఫలం పొదలు, గేదెలు. లోపల మీ అమ్మ చేసే పని ఏమిటో నాకు అర్థమయ్యేదాకా చాలాసార్లు చెప్పింది. పాత కంప్యూటర్లలో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసుకున్నారట. రెండు వేలు వచ్చేసరికి అది కొత్త వందో పాత వందో తెలియక అన్నీ తారుమారు అవుతాయట. అలాంటివన్నీ వెతికి వెతికి సరిచెయ్యాలి. పొద్దున పోతే సాయంత్రం దాకా అదే పని, తారీఖుల్లో తప్పులు ఏరడం. బియ్యంలో రాళ్లు ఏరినట్టే కదా అంటే, అవునమ్మా, బియ్యం మాత్రం పది లారీలు అనేది.

ఉద్యోగం వచ్చిన ఆర్నెల్లకి కారు కొంది. కొత్తది కాదు. ఆఫీసులో ఒకాయనకి కవలలు పుట్టారు. రెండే తలుపులున్న ఆ కారులో వెనక సీట్లోకి ఇద్దరు పసివాళ్లని ఎక్కించలేక అమ్మేశాడు. ఎర్ర కారు. నేలకి జానెడు ఎత్తు. వెనకాల డిక్కీ మీద రెక్కలాంటిది ఒకటి. మీ తాతయ్య దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, ఇందులో బియ్యం బస్తా పడుతుందా అని అడిగారు. పడదు నాన్నా అంది మీ అమ్మ, నవ్వుతూ. ఆ నవ్వు గుర్తుంది నాకు. అంత సంతోషంగా ఉన్నవాళ్లని ఇంకో ప్రశ్న అడగబుద్ధి కాదు. ఆయన కూడా అడగలేదు.

ఆ కారుకి వెడల్పాటి టైర్లుండేవి. చూడ్డానికి భలే ఉండేవి. అవి అరిగి గుండు అయిపోయాయని మాలో ఒక్కరికీ తట్టలేదు. అంత నిగనిగలాడే కారులో టైర్లు ఎవరు చూస్తారు? తొలి వానల్లో ఒక పొద్దున మీ అమ్మ ఆఫీసుకి పోతోంది. కొండాపూర్ దగ్గర బండని తొలిచి వేసిన వాలు రోడ్డు ఉండేది. ఇప్పుడు నువ్వు చూస్తే వాలు అని కూడా తెలియదు, అంతా చదును చేసేశారు. ఆ వాలులో దిగుతుంటే ఎదురుగా గేదెల మంద. బ్రేకు వేసింది. కారు ఆగలేదు, గిర్రున తిరిగింది. వచ్చిన దారి వైపు మొహం పెట్టి, బండకి బెత్తెడు దూరంలో నిలబడింది.

ఒక్క గీత పడలేదు. గేదెలు వాటి దారిన అవి పోయాయట. వాటిని కాసే పెద్దాయన వచ్చి అద్దం మీద తట్టి, దిగు బిడ్డా, జర నీళ్లు తాగు అన్నాడట. మీ అమ్మ ఆఫీసు మనిషి ఒకతను ఆ సాయంత్రం కారుని ఇంటిదాకా నడిపి తెచ్చి పెట్టాడు. మీ అమ్మ పక్క సీట్లో కూర్చుని వచ్చింది.

అంతే. మర్నాటి నుంచి బస్సు, షేర్ ఆటో, మిగతాది నడక. అడిగితే ఒకరోజు పెట్రోలు ఖరీదంది. ఒకరోజు ఆఫీసు దగ్గర పెట్టుకోవడానికి చోటు లేదంది. ఒకరోజు క్లచ్ బాగోలేదంది. కదలని కారుకి క్లచ్ ఎలా పాడైందో మీ తాతయ్య అడగలేదు, నేనూ అడగలేదు. కారు మీద టార్పాలిన్ కప్పేసింది. ఇంట్లోంచి బయటికి వచ్చేటప్పుడు దాని పక్కనుంచి కాక, గోడవారగా తిరిగి వచ్చేది.

వార్డులో ఇలాంటివాళ్లని నేను చాలామందిని చూశాను. ఎముక అతుక్కుంటుంది. కట్టు విప్పేస్తాం. డాక్టరు నడవమంటాడు. కాలు మాత్రం కింద పెట్టరు. నెప్పా అంటే కాదంటారు. ఆ మొదటి అడుగు వేయించడానికి నర్సుల ప్రాణం పోయేది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అడుగు ఇంకా కష్టమవుతుంది. కొంతమంది కర్ర పట్టుకుని ఇంటికి పోయి, ఇక కర్ర వదలనే వదలరు.

ఒకరోజు అన్నం తింటూ మీ అమ్మ, కారు అమ్మేస్తున్నానని చెప్పింది. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒకాయన చూసుకోవడానికి వస్తాడట. మీ తాతయ్య మంచిదన్నారు. నాకు మాత్రం నచ్చలేదు. కారు పోతుందని కాదు. ఆ కారులోకి ఎక్కాలన్నా దిగాలన్నా నా నడుం పట్టేసేది. పోతే పోనీ. కానీ భయపడి అమ్మితే, కారు పోయి భయం మాత్రం ఇంట్లో మిగిలిపోతుంది కదా. ఇరవై మూడేళ్ల పిల్ల. ఇంకా ఎన్ని వాలుల్లో దిగాలి?

మర్నాడు సాయంత్రం మీ అమ్మ ఆఫీసు నుంచి రాకముందే టార్పాలిన్ ఎత్తి చూశాను. టైరు మీద వేలు పెట్టి రుద్ది చూశాను. నున్నగా, పింగాణీ పళ్లెంలా ఉంది.

రబ్బరు సంగతి నాకు తెలుసు. నువ్వు నవ్వకు. ఆ రోజుల్లో దవాఖానలో గ్లౌజులు ఒకసారి వాడి పారేసేవి కాదు. కడిగి, ఆరబెట్టి, ఒక్కోదానిలోకి గాలి ఊది, చిల్లి ఉందేమో చూసి, లోపలా బయటా పౌడరు చల్లి, మడిచి మళ్లీ ఆవిరి పెట్టెలో పెట్టేవాళ్లం. రోజుకి వందలు. రబ్బరు గొట్టాలూ అంతే. ఏది పనికొస్తుందో, ఏది మధ్యలో పుటుక్కుమంటుందో వేళ్లకి తెలిసిపోతుంది. మంచి రబ్బరుని వంచితే ఊరికే వంగుతుంది. పాతబడ్డదాన్ని వంచితే వంపు మీద సన్నగా, జుట్టు పోగుల్లాంటి బీటలు కనిపిస్తాయి. స్టోరులోంచి కొత్త పెట్టెలో వచ్చినా సరే, వంచి చూడందే నేను సంతకం పెట్టేదాన్ని కాదు. ఇంకొకటి, రబ్బరుకి నూనె తగలకూడదు. వేజలీనూ అంతే. నూనె తగిలితే ఉబ్బి, జిగురై, చిరిగిపోతుంది. ఈ మాట నర్సింగు నేర్చుకునే పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నూనె చేత్తో గ్లౌజు ముట్టుకుంటే మొట్టికాయ వేసేదాన్ని.

మీ అమ్మ రాగానే చెప్పాను, ఈ టైర్లతో కారుని ఎవరికీ అమ్మడానికి వీల్లేదని.

“అమ్మేసే కారుకి కొత్త టైర్లెందుకమ్మా? కొనుక్కునే ఆయన వేయించుకుంటాడు.”

“నువ్వు వేయించుకున్నావా?”

వంగి చెప్పులు విప్పుకుంటోంది.

“ఆయనా వేయించుకోడు. ఎర్రగా ఉందని ఎక్కి కూర్చుంటాడు. తర్వాత నా వార్డుకే వస్తాడు. అప్పుడు వాళ్లమ్మ మొహం నేను చూడాలి.”

ఇందులో సగం నిజం, సగం ఎత్తు. అమ్మేదైనా టైర్లు మార్చే అమ్మాలన్నది నిజమే. కానీ టైర్ల వంకతో అయినా మీ అమ్మ ఆ కారు దగ్గరికి వస్తుందేమోనని నా ఆశ. నా వార్డు పేరెత్తితే మీ అమ్మ ఎదురు చెప్పదు. చిన్నప్పటి నుంచి నేను ఇంటికి వచ్చి ఏం మాట్లాడకుండా కూర్చున్న సాయంత్రాలు దానికి తెలుసు.

బొంబాయి రోడ్డు మీద అప్పుడు వరసగా టైర్ల షాపులు. అన్నీ లారీలకే. అందులో ఒకాయన కార్లవి కూడా పెట్టేవాడు. యాభై ఏళ్ల మనిషి, ఇక్కడివాడే. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉండేవి. నేను డ్యూటీ నుంచి తెల్ల చీరలోనే పోయేసరికి సిస్టరమ్మా అని కుర్చీ వేశాడు. మీ తాతయ్య, మీ అమ్మ, నేను, ముగ్గురం వెళ్లాం. మీ అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి రోడ్డు మీది లారీలు చూస్తోంది, ఎవరో వేరేవాళ్ల పని మీద వచ్చినట్టు.

మీ తాతయ్య తేల్చి చెప్పేశారు, గట్టి రబ్బరువి, ఏళ్ల తరబడి అరగనివి, టాక్సీలకి వేసేవి ఇమ్మని. ఆయన పని ఇనుముతో. ఎక్కువ కాలం మన్నేదే మంచిది ఆయన దృష్టిలో. షాపాయన తల అడ్డంగా ఊపాడు.

“గట్టిది అరగదు సారూ, నిజమే. గని వానల నేలను పట్టది. గిది ఉరికే బండి. దీనికి మెత్తటిది గావాలె.”

“మెత్తటిది అరిగిపోదూ?”

“అరుగుతది మరి.”

అప్పుడు నేను కల్పించుకున్నాను. “అరగనివ్వండి. నేలని పట్టుకునేదే కదా అరిగేది.”

మీ తాతయ్య నా వైపు చూసి, టాక్సీ టైరు మీంచి చెయ్యి తీశారు.

షాపాయన ఓపిగ్గా చెప్పాడు. ఇలాంటి కార్లకి కొంతమంది వెడల్పుగా, గాడులు లేకుండా ఉండేవి వేయిస్తారట. పొడి రోడ్డు మీద, మలుపుల్లో అవి బ్రహ్మాండంగా పట్టుకుంటాయి. వానొస్తే మాత్రం నీళ్ల మీద తేలిపోతాయి. ఇక లోతు గాడులవి ఉంటాయి, నీళ్లని పక్కకి తోసేస్తాయి గానీ మలుపుల్లో కారు నీళ్లకుండలా తొణుకుతుంది. రెండు గుణాలూ కలిసినవి ఈమధ్యనే బయటి దేశాల నుంచి వస్తున్నాయట. ఆల్ సీజన్ అంటారు, అన్ని కాలాలకీ ఒకటే. వేగంగా పోయే కార్ల కోసమే చేస్తారట. బొంబాయి నుంచి ఒక లాట్‌లో నాలుగు తెప్పించానని, లోపల్నించి దొర్లించుకుంటూ తెచ్చాడు. మంచు మీద కూడా నడుస్తాయని కంపెనీవాళ్లు అంటారన్నాడు. చందానగర్‌లో మంచు పడ్డ రోజున చూద్దాం లెండి అన్నారు మీ తాతయ్య. గుమ్మం దగ్గర మీ అమ్మ భుజాలు కదిలాయి. నవ్విందో లేదో తెలియలేదు.

టైర్లు నల్లగా, తడి తడిగా మెరుస్తున్నాయి. ఆ మెరుపే నాకు నచ్చలేదు. సంచీలోంచి, కట్లు కట్టే గాజు గుడ్డ ముక్క తీసి, షాపు కుండలోని నీళ్లు అద్ది ఒకచోట గట్టిగా తుడిచాను. గుడ్డ నల్లబడింది. పాలిష్ పోయిన చోట రెండు బొటనవేళ్లతో రబ్బరుని వంచాను. వంపు మీద సన్నటి బీటలు. గ్లౌజుల మీద చూసినవే.

“ఇది పాతది బాబూ.”

“అయ్యో, పాతదెక్కడిది సిస్టరమ్మా. గీడ అచ్చు జూడుండ్రి. ఏ వారంల జేసిన్రో, ఏ ఏడాదిల జేసిన్రో టైరు మీదనే ఉంటది. ఆఖరుకు ఎనిమిది ఉన్నది. తొంభై ఎనిమిది. పోయిన సాలుదే.”

అప్పుడు మీ అమ్మ గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. వంగి ఆ అంకెలు చూసింది. మూడే అంకెలు. ముందు రెండూ వారం, చివరిది సంవత్సరం.

“సంవత్సరానికి ఒక్క అంకేనా?”

“ఒక్కటే బిడ్డా.”

“మరి ఇది తొంభై ఎనిమిదో, ఎనభై ఎనిమిదో ఎలా తెలుస్తుంది?”

షాపాయన వంగి, ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చూశాడు. మీ అమ్మ అక్కడే గొంతుక్కూర్చుని నావైపు చూసింది. మా దగ్గర రెండంకెలన్నా ఉన్నాయమ్మా, వీళ్లు ఒక్కదానితో సరిపెట్టేశారు అంది. పొద్దుట్నించి సాయంత్రం దాకా ఏరే రాయి ఇక్కడ కూడా కాలికి తగిలింది దానికి. ఆపైన తనంతట తనే రెండో టైరు తిప్పింది, మూడోది తిప్పింది, నేను చేసినట్టే గుడ్డతో తుడిచి, వంచి చూసింది. నాలుగింటికీ బీటలే.

షాపాయన మోసగాడు కాదు. అతని మొహం చూస్తే తెలిసింది. లాట్‌లో వచ్చింది, పాలిష్ చేసి పంపారు, ఇతను అంకె చూసి నమ్మాడు. వాటిని పక్కకి దొర్లించేసి, శనివారం దాకా ఆగమన్నాడు. నగరంలో తనకి తెలిసిన గోడౌన్ ఉందన్నాడు.

“ఫికర్ జెయ్యకుండ్రి. ఈసారి నేనే వంచి చూసి తెస్త. నాకు ఈ పని నేర్పిన్రు మీరు.”

శనివారం పొద్దున ఇంటికే వచ్చాడు. జాకీ పెట్టి కారుని లేపి, నాలుగు చక్రాలూ ఊడదీసి, కింద ఇటుకలు పేర్చి, చక్రాలని ఆటోలో వేసుకుపోయాడు. మధ్యాహ్నం దాకా ఆ ఎర్ర కారు ఇటుకల మీద నిలబడి ఉంది. దాని కాళ్లు తీసేసినట్టే ఉంది నాకు. తిరిగి వచ్చినప్పుడు చక్రాలకి కొత్త టైర్లు. వాటి మీద కూడా ఆఖరి అంకె ఎనిమిదే. కానీ వేలికి తెలిసిపోయింది. మెత్తగా, పట్టు పట్టుగా ఉంది. గోరు గుచ్చితే దిగి, తీస్తే మళ్లీ మూసుకుంది. అంచుల్లో సన్నటి రబ్బరు వెంట్రుకలు లేచి ఉన్నాయి, పుట్టిన పిల్ల ఒంటి మీద నూగులా. మీ అమ్మని పిలిచి ముట్టుకోమన్నాను. వేలితో ఒక గాడి పొడుగునా గీసింది. బాగున్నాయంది. లోపలికి వెళ్లిపోయింది.

షాపాయన పోయేముందు ఒక మాట చెప్పాడు. కొత్త టైరు మొదట్లో కొద్దిగా జారుతుంది, నెమ్మదిగా పోవాలి, నాలుగు రోజులు తిరిగి పైపొర అరిగి, పోతూ పోతూ వెచ్చబడితే అప్పుడు అసలు పట్టు వస్తుందని. ఆ మాట మీ అమ్మకి చెప్పాల్సింది. నాకు చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు రాసేది కొంచెం జాగ్రత్తగా రాయి. మా చర్చి సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారు చిన్న సీసాల్లో ఒలీవ నూనె ప్రార్థన చేసి ఇచ్చేవారు. ఎవరికన్నా ఒంట్లో బాగోకపోతే నుదుటి మీద రాసేవాళ్లం. కొత్త ఇంటి గుమ్మానికి, పరీక్షకి పోయే పిల్లల పెన్నుకి, మీ తాతయ్య స్కూటరు హ్యాండిల్‌కి కూడా రాశాను. అందరూ రాసేవాళ్లు. ఒక్క చుక్క, వేలి కొసతో.

ఆదివారం పొద్దున ఐదున్నరకి సీసా పట్టుకుని బయటికి వచ్చాను. చినుకులు పడి ఆగినట్టుంది. కారు ముందు భాగం మీద ఒక చుక్క పెట్టాను. తలుపు మీద ఒక చుక్క. అప్పుడు అనిపించింది, రోడ్డుకి తగిలేది తలుపు కాదు కదా, టైరు కదా అని. వంగి టైరు మీద ఒక చుక్క రాశాను. ఎక్కడని రాస్తావు? గుండ్రంగా తిరిగేదానికి ఏ చోటు రోడ్డుకి తగులుతుందో ఏం తెలుస్తుంది? అరచేతిలో పోసుకున్నాను. గాడుల్లోకి వేళ్లు పోనిచ్చి, చెయ్యి అందినంత మేరా రాశాను. ఒకటయ్యాక రెండోది. ప్రార్థన చేసుకుంటూ, ఆ వాలునీ ఆ బండనీ తలుచుకుంటూ నాలుగు టైర్లకీ రాశాను. సీసా ఖాళీ అయిపోయింది.

నోట్లో బ్రష్షుతో మీ అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏం చేస్తున్నావమ్మా?”

“ఏం లేదు.”

దగ్గరికి వచ్చి టైరు ముట్టుకుని, వాసన చూసుకుంది.

“నూనె రాశావా?”

“ప్రార్థన నూనె.”

“టైర్లకా?”

నేను ఖాళీ సీసాకి మూత పెట్టాను. మీ అమ్మ నురగ ఊసేసి, మెట్టు మీద కూర్చుంది.

“రబ్బరుకి నూనె తగలకూడదని ఆ నర్సింగు పిల్లల్ని ఎంత ఏడిపించేదానివమ్మా.”

అప్పుడు తెలిసింది నాకు నేను చేసిన పని. ఇరవై ఐదేళ్ల సర్వీసు. వెతికి వెతికి, వంచి చూసి తెచ్చిన టైర్లు. అసలే కొత్తవి, జారతాయన్నాడు. వాటికి నా చేత్తో నేనే నూనె పట్టించాను. నా మొహం ఎలా అయిపోయిందో గానీ, మీ అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. మోకాళ్ల మీద తల పెట్టుకుని, ఊపిరి అందనట్టు నవ్వింది. ఆ నవ్వు విని నలభై రోజులు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ చేతులతో తుడుచుకోవడానికి కూడా లేదు, నూనె.

“కదలకు, కళ్లలో పడుతుంది” అని, తన చున్నీ కొంగుతో నా కళ్లు తుడిచింది. అప్పుడు అడిగింది, మెల్లగా. “నీకు కూడా భయమేనా అమ్మా?”

“మరి కాదూ.”

“నాకొక్కదానికే అనుకున్నా.”

రెండు బకెట్ల నీళ్లు, సబ్బు పొడి, బట్టలు ఉతికే బ్రష్షు తెచ్చుకున్నాం. మోకాళ్ల మీద కూర్చుని చెరో టైరూ తోమడం మొదలుపెట్టాం. నూనె తొందరగా వదల్లేదు. గాడి గాడికీ వేలు పెట్టి రుద్దాల్సి వచ్చింది. పైగా ఆ కారు ఎంత కిందికి ఉంటుందంటే, టైరు పై సగం లోపలికి దూరి ఉంటుంది. నా అరచెయ్యి సందులోంచి దూరి అక్కడ కూడా నూనె రాసింది గానీ, ఇప్పుడు బ్రష్షు దూరట్లేదు. తోమాలంటే చక్రం కదలాలి. చక్రం కదలాలంటే కారు కదలాలి.

మీ అమ్మ లోపలికి పోయి తాళంచెవి తెచ్చింది. చేతులు సబ్బు నురగతోనే ఉన్నాయి. సీట్లో కూర్చుని స్టార్ట్ చేసింది. నలభై రోజులు కదలని బండి, దగ్గి దగ్గి లేచింది. ఎంత పోవాలమ్మా అంది. మూరెడు అన్నాను. మూరెడు కదిలి ఆగింది. దిగి వచ్చి తోమింది. మళ్లీ ఎక్కింది. ఇంకో మూరెడు. మళ్లీ దిగింది. దాని ధ్యాసంతా నూనె మీదే. ఆ వెనక ఎడమ టైరుకి ఇంకా ఉంది చూడు, జరుపుతానుండు అంటుంది, ఎక్కుతుంది, దిగుతుంది. నేను నోరెత్తలేదు. వార్డులో కాలు కింద పెట్టిన మనిషితో మాట్లాడకూడదు. మాట్లాడితే కిందికి చూసుకుంటారు, ఆగిపోతారు.

మీ తాతయ్య ఎప్పుడు లేచి వచ్చారో తెలియదు. గేటు రెండు రెక్కలూ తెరిచి, పక్కన నిలబడ్డారు.

ఆఖరి బకెట్ నీళ్లు పోశాక చూస్తే కారు గేటు దాటి సందులో ఉంది. మీ అమ్మ చేతులు తుడుచుకుని, ఇందాక తను నిలబడ్డ మెట్టు వైపు చూసింది, కారు వైపు చూసింది. ఎంత దూరం వచ్చిందో అప్పుడు గమనించింది. మొహం తెల్లబడింది ఒక్క క్షణం. నేను తడి చీరతోనే తలుపు తీసి పక్క సీట్లో కూర్చున్నాను. నడుం పట్టేసింది. పట్టేస్తే పట్టేసింది.

“ఎక్కడికమ్మా?”

“నీ ఇష్టం. గుడి టైముకి వచ్చేద్దాం.”

మా వైపు చర్చిని కూడా గుడి అంటాం, ఆ మాట అలాగే ఉంచు.

బొంబాయి రోడ్డు మీద నెమ్మదిగా పోయింది. ఆదివారం కదా, లారీలు తక్కువ. ఆ రోడ్డు వదిలి కొండాపూర్ వైపు తిరిగేసరికి చినుకులు మొదలయ్యాయి. వెనక్కి తిప్పుతుందేమో అనుకున్నాను. తిప్పలేదు. వాలు మొదట్లో కారు ఆపింది. వైపర్లు కదులుతున్నాయి. కింద రోడ్డు తడిసి మెరుస్తోంది, పక్కన ఆ బండ. మేమిద్దరం కాసేపు దాన్ని చూశాం. వాన పెరిగింది.

దిగడం మొదలుపెట్టింది. రెండో గేరు, నడకకంటే కాస్త వేగం. మధ్యలో తనే కావాలని బ్రేకు మీద కాలు వేసింది. కారు ఆగింది. తిరగలేదు, జారలేదు. ఉన్నచోట ఉన్నట్టు, రోడ్డుని పట్టుకుని ఆగింది. గాడుల్లోంచి నీళ్లు పక్కలకి చిమ్మిన చప్పుడు మాత్రం వినిపించింది.

“అమ్మా, అక్కడ బ్రేకు లేదు” అంది. చూసుకుంటే నా రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టుకుని ఉన్నాను.

కింద దాకా పోయి, తిప్పుకుని, ఎక్కి, మళ్లీ దిగింది. అలా మూడుసార్లు. మూడోసారి దిగాక ఒక పక్కకి ఆపి, నన్ను వానలో దింపి, టైరు మీద చెయ్యి పెట్టి చూడమంది. జ్వరం చూసినట్టు అరచేతి వెనక వైపు ఆనించాను, అలవాటు కదా. పైన వాన చల్లగా పడుతోంది. రబ్బరు మాత్రం గోరువెచ్చగా ఉంది.

సాయంత్రం నాలుగింటికి ఆ కొనే ఆయన వచ్చాడు. మీ తాతయ్య కుర్చీ వేసి, టీ ఇచ్చి, ఆ ఊరి సంగతులూ ఈ ఊరి సంగతులూ మాట్లాడి పంపించేశారు. కారు ఏదండీ అని అడిగాడట పాపం. మా అమ్మాయి తీసుకుపోయిందండీ, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారట.

ఆ టైర్లు షాపాయన అన్నట్టే తొందరగా అరిగిపోయాయి. రెండేళ్లు కూడా రాలేదు. మళ్లీ కొనేటప్పుడు మీ అమ్మ ఒక్కతే వెళ్లి, తనే వంచి చూసి తెచ్చుకుంది. అప్పటికి టైర్ల మీద సంవత్సరానికి రెండంకెలు వేస్తున్నారట, ఇంటికి రాగానే ముందు ఆ సంగతే చెప్పింది నాకు. ఆ ఖాళీ నూనె సీసా మాత్రం దాచేసింది. ఎక్కడ పెట్టావే అంటే ఈ రోజుకీ చెప్పదు. నువ్వన్నా అడుగు.